మందలింపా, నిష్ఠూరమా, ఖండనా? ఎక్కడ ఏ మాట వాడాలి

మా అపార్ట్‌మెంట్ సీతమ్మధారలో ఉంది. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, మేడ మీద ఒకటే ట్యాంకు. మొన్న వేసవిలో ఒకరోజు తెల్లవారుజామున ఎవరో మోటారు వేసి మరిచిపోయారు. ట్యాంకు నిండి, నీళ్లు పిట్టగోడ మీంచి కారి, కింద పెట్టిన స్కూటర్లన్నీ స్నానం చేశాయి. మే నెలలో విశాఖలో ట్యాంకర్ కోసం గేటు దగ్గర నిలబడినవాళ్లకు ఆ దృశ్యం చూస్తే కడుపు మండుతుంది. ఆ పూట నేను ఊళ్లో లేను. అసోసియేషన్ జాయింట్ సెక్రటరీ ఇరవై ఆరేళ్ల కుర్రాడు. వాట్సాప్ గ్రూపులో వెంటనే ఇలా పెట్టాడు: "ఈ బాధ్యతారహిత చర్యను అసోసియేషన్ తీవ్రంగా ఖండిస్తోంది."

మోటారు వేసింది మూడో అంతస్తులో ఉండే పెద్దాయన. పోర్టులో చేసి రిటైరయ్యారు. మర్నాడు నేను లిఫ్టు దగ్గర కనబడగానే ఆపారు. "ఏటి బాబూ, నానేటైనా బాంబులేసీసేనేటి, ఖండించీడానికి?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మొహంలో నవ్వు లేదు. ఆయన అడిగినదాంట్లో న్యాయం కూడా ఉంది. "మోటారు కట్టేయడం మరిచిపోయినట్టున్నారు మాస్టారూ" అని ఎవరైనా అని ఉంటే, "అవును బాబూ, వయసైపోతంది" అని ఒప్పేసుకునేవారు. కుర్రాడు తన కోపం ఎంతుందో చూసుకుని, దానికి సరిపడా పెద్ద మాట వెతికాడు. దొరికింది పేపర్లో రోజూ కనిపించే మాట.

నేను చాలా ఏళ్లు ఒక పత్రిక డెస్కులో పనిచేశాను. ఈ మాటల మధ్య తేడాలతోనే నా సర్వీసంతా గడిచింది. అక్కడ తెలుసుకున్నదొకటే. "నువ్వు చేసింది నాకు నచ్చలేదు" అని చెప్పడానికి తెలుగులో బోలెడు మాటలున్నాయి, వాటిని కోపం కొలతను బట్టి ఎంచుకుంటే దాదాపు ప్రతిసారీ తప్పుతాం. మన మాటలు వరసను చూస్తాయి. అనేవాళ్లెవరు, పడేవాళ్లెవరు, చుట్టూ వింటున్నదెవరు? ఈ మూడూ తేలితే మాట దానంతటదే దొరుకుతుంది.

పెద్దరికం ఉంటేనే మందలింపు

తండ్రి కొడుకును మందలిస్తాడు. హెడ్‌మాస్టర్ పిల్లవాణ్ణి, సీనియర్ జూనియర్‌ను మందలిస్తారు. "కొడుకు తండ్రిని మందలించాడు" అని రాసి చూడండి, చదివేవాడు అక్కడే ఆగి మళ్లీ చదువుతాడు. చిన్నవాడు పెద్దవాడికి నచ్చచెప్పాలి, లేదా గట్టిగా చెప్పాలి. మందలించే హక్కు అతనికి లేదు. మందలింపులో ఇంకో సుగుణం ఏమిటంటే, తప్పు చేసినవాడు ఇంకా మనవాడే. మందలించడం అయ్యాక "సరే, అన్నం తిందువుగాని రా" అనొచ్చు. ఖండించాక అలా అనలేం.

దీని చుట్టుపక్కల మాటలన్నీ ఒకలా కనిపిస్తాయి గానీ పని వేరు. ఆర్కే బీచ్‌లో ఒక సాయంత్రం చూసినదే చెప్తాను. నాలుగైదేళ్ల పిల్లాడు అలల వైపు పరుగెత్తాడు. వాళ్లమ్మ "రేయ్! ఆగక్కడ!" అని ఒక్క అరుపు అరిచింది. పిల్లాడు బిగుసుకుపోయాడు. అది గద్దింపు. దాని పని ఆపడం, అంతే. తీరికగా బుద్ధి చెప్పడం దాని వల్ల కాదు. ఆ తీరం లోపలికి లాగేసే రకం, కాబట్టి అక్కడ గద్దింపే సరైన మాట. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొస్తూ, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, నీళ్లలోకి ఒక్కడివే వెళ్లకూడదని?" అంది. అది మందలింపు. ఈలోగా ముంత మసాలా బండి దగ్గర నిలబడ్డ భర్త "ఉల్లిపాయ వేయించనా?" అని అడిగితే, "ఏదో ఒకటి వేయించండి!" అని కసురుకుంది. ఆ కసురులో ఆయన తప్పేమీ లేదు. కసురుకోవడానికి తప్పుతో పనిలేదు, చిరాకు చాలు. అందుకే ఎవరి గురించైనా "నన్ను కసురుకున్నాడు" అంటే వినేవాళ్లు మన పక్షానే ఉంటారు. "నన్ను కోప్పడ్డాడు" అంటే మాత్రం "ఏం చేశావేంటి?" అని అడుగుతారు.

చీవాట్లు మందలింపు కన్నా ఘాటు. ఆ మాటలో 'ఛీ' వినిపిస్తూనే ఉంటుంది. చీవాట్లు ఒకరు పెడతారు, మరొకరు తింటారు. తిట్లూ తింటాం, గడ్డీ పెట్టించుకుంటాం. మనవాళ్లకు కోపం కూడా వడ్డనే కాబోలు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. మా బిల్డింగ్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఒకావిడ "మా ఆడపడుచును మందలించి వచ్చినం" అంటే, ఏం గొడవైందోనని పక్కింటావిడ కంగారుపడింది. తీరా చూస్తే ఒంట్లో బాగాలేని ఆడపడుచును పలకరించి వచ్చారు. తెలంగాణలో మందలించడం అంటే పలకరించడం. ఆ ప్రాంతం వాళ్లు ఉన్న గ్రూపులో ఆ మాట రాసేముందు ఒక క్షణం ఆలోచించండి.

తిట్టారా, దూషించారా?

మాట్లాడేటప్పుడు 'తిట్టడం' అన్నిటికీ సరిపోతుంది. "లేటుగా వెళ్తే మా సార్ తిట్టారు" అంటే ఆయన బూతులు మాట్లాడారని ఎవరూ అనుకోరు. కాగితం మీద పెడితే అదే మాట బరువెక్కుతుంది. ఆఫీసులో ఫిర్యాదు రాస్తూ "మేనేజర్ నన్ను తిట్టారు" అంటే, ఏ మాటలు వాడారని అడుగుతారు. జరిగింది కేకలు వేయడమైతే "అందరి ముందు కేకలు వేశారు" అనే రాయండి.

'దూషించారు' ఇంకా పెద్దది. పోలీసు ఫిర్యాదుల్లో 'అసభ్య పదజాలంతో దూషించారు' అని రాయడం అలవాటైపోయింది గానీ, ఆ మాట రాసినవాళ్లు ఆ పదజాలమేమిటో చెప్పగలగాలి. కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందకి వచ్చే విషయం. నిజంగా జరిగినప్పుడు ఆ మాటే వాడాలి, మెత్తబరచకూడదు. పార్కింగ్ గొడవకు వాడి దాన్ని అరగదీయకూడదు.

నింద సంగతి వేరు. నింద అన్న మాటలోనే అది నిజమో కాదో అనే అనుమానం దాగి ఉంటుంది. వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూస్తే వచ్చేవి నీలాపనిందలు, చేయని తప్పుకు పడేవి. కాబట్టి మీరే ఎదుటివాళ్ల తప్పు చూపించదలచుకున్నప్పుడు "నేను నిందిస్తున్నాను" అనకండి, మీ వాదన మీరే పలచన చేసుకున్నట్టవుతుంది. "తప్పుపడుతున్నాను" అనండి. కాకపోతే తప్పుపట్టినవాడు ఆ తప్పేదో వేలుపెట్టి చూపించాలి.

ఇంట్లో వాడే మాటలు

నా ఉద్దేశంలో తెలుగు అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. ఒక సంఘటన చెప్తాను. మా అబ్బాయి పెళ్లికి మా అక్కకు శుభలేఖ ముందు వాట్సాప్‌లో పంపాను. వారంలో వెళ్లి బొట్టు పెట్టి పిలుద్దామనే నా ఆలోచన. అక్క ఉండేది గాజువాకలో. మర్నాడే ఫోన్ చేసింది.

"కార్డు చూశాను రా తమ్ముడూ. బాగుంది. మేమూ గుర్తున్నాం, అదే పదివేలు."

ఇది నిష్ఠూరం. సంస్కృతంలో నిష్ఠురం అంటే కఠినమైనది, కర్కశమైనది. తెలుగింట్లో అది ప్రేమ ఉన్నవాళ్లు మాత్రమే ఆడే మాట అయ్యింది. ఊరూ పేరూ తెలియనివాళ్ల మీద ఎవరూ నిష్ఠూరమాడరు. పక్కింటాయన కార్డు వాట్సాప్‌లో పంపితే మా అక్క 'కంగ్రాట్స్' అని బొమ్మ పెట్టేసేది.

నేను సర్దిచెప్పబోయాను. పనుల ఒత్తిడి, హాలు బుకింగ్, ఇలా ఏదేదో. అప్పుడు అంది: "అవున్లే, ఎన్‌ఏడీ జంక్షన్ దాటి రావడమంటే మాటలా? మీరు పెద్దవాళ్లయిపోయారు."

ఇది ఎత్తిపొడుపు. పైకి ఒప్పుకున్నట్టే ఉంటుంది, లోపల సూది ఉంటుంది. నేను ఇంకా వివరణ ఇస్తూనే ఉన్నాను, బుద్ధిలేక.

"ఇంటర్‌లో నీ ఫీజు కోసం మీ బావ జేబు వెతికినప్పుడు మాత్రం గాజువాక దగ్గరే ఉండేది."

ఇది దెప్పిపొడుపు. చేసిన మేలో, ఎప్పటిదో తప్పో తవ్వి ముందు పెట్టడం. నిష్ఠూరం దగ్గరే నేను "తప్పయిపోయిందక్కా, రేపు వస్తున్నాను" అని ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు. ఈ మూడో మాట అన్నాక అక్కకే కష్టమనిపించింది. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. ఇదే సంగతి వచ్చే పండక్కీ, ఆ పై పండక్కీ తీస్తే దానికి సాధింపు అని పేరు. అదృష్టవశాత్తూ అక్క సాధించే మనిషి కాదు.

మీకూ ఈ నాలుగింట్లో ఎంచుకోవాల్సిన అవసరం వస్తే, నేను నిష్ఠూరానికే ఓటేస్తాను. అదీ మొదట్లోనే, సూటిగా. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు అన్నది డబ్బు వ్యవహారాల్లో కూడా పనికొచ్చే మాట. ఎత్తిపొడుపుకు వినేవాడి తెలివి మీద నమ్మకం ఉండాలి, అర్థం కాకపోతే వృథా. దెప్పడం మాత్రం వద్దు. దెప్పిన మేలు చెల్లిపోతుంది, ఆ ఫీజు రుణం కాస్తా ఆ పూటతో తీరిపోయినట్టు అవతలివాడికి అనిపిస్తుంది.

వంక పెట్టడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. "పులుసులో ఉప్పు తగ్గింది" అంటే సమాచారం. "మా అమ్మ అయితే బెల్లం ఇంకొంచెం వేసేది" అంటే వంక. మొదటిదానికి ఉప్పు దొరుకుతుంది.

మీటింగుల్లో, కాగితాల్లో

అసోసియేషన్ మీటింగులో ఎక్కువ గందరగోళం ఇక్కడే. అభ్యంతరం, అసమ్మతి, వ్యతిరేకత, ఆక్షేపణ అన్నీ ఒకటే అనుకుంటారు. సీసీ కెమెరాలకు ఫ్లాటుకు మూడు వేలు వసూలు చేద్దామన్నారనుకోండి. "నాకు అభ్యంతరం ఉంది" అంటే ఒక అడ్డు ఉందని, అది తీరిస్తే ముందుకు పోవచ్చని అర్థం. అద్దెకున్నవాళ్లు ఇవ్వాలా, ఓనర్లు ఇవ్వాలా తేల్చండి అంటారు, తేలుస్తారు, అయిపోతుంది. "నాకు సమ్మతం కాదు, రాసుకోండి" అంటే నిర్ణయం మీరు తీసుకోండి, అందులో నేను లేను అని. అది అసమ్మతి, మినిట్స్‌లో ఎక్కాలి. "వ్యతిరేకిస్తున్నాను" అన్నవాడు అక్కడితో ఆగడు, మిగతా ఫ్లాట్ల తలుపులు కూడా తడతాడు. ఆక్షేపణ డబ్బు మీద కాక తీరు మీద వస్తుంది: ముందుగా నోటీసు ఇవ్వలేదు, మీరు వాడిన మాట పద్ధతిగా లేదు, అలాంటివి.

అభ్యంతరం అన్న మాట నాకు భలే ఇష్టం. సంస్కృతంలో దానికి 'లోపలిది' అని అర్థం. తెలుగులోకి వచ్చి అది అడ్డంగా నిలబడింది. ప్రభుత్వం కూడా ఆ మాటను సరిగ్గానే వాడుతుంది. ఓటరు జాబితా ముసాయిదా వచ్చినప్పుడు పేరు చేర్చమని ఇచ్చేది ఫారం 6, ఎవరి పేరైనా ఉండకూడదంటే ఇచ్చేది ఫారం 7. ఆ రెండో రకాన్ని అభ్యంతరం అంటారు. ఎవరూ ఎవర్నీ తిట్టరు, కారణం రాస్తారు, విచారిస్తారు.

ప్రభుత్వోద్యోగులకు అభిశంసన గురించి తెలిసే ఉంటుంది. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల నిబంధనల్లో చిన్న శిక్షల వరసలో మొదటిది అదే. ఇంగ్లీషులో సెన్షూర్. జీతం కోయరు, ఇంక్రిమెంట్ ఆపరు, ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం సర్వీసు రిజిస్టరులో ఉండిపోతుంది. నోటితో వందసార్లు చీవాట్లు తిన్నవాడు నిద్రపోతాడు గానీ, ఒక్కసారి అభిశంసన అందుకున్నవాడు ప్రమోషన్ల జాబితా వచ్చేదాకా నిద్రపోడు. అవిశ్వాసం దాన్ని కూడా మించింది, నెగ్గితే కుర్చీ పోతుంది. 2025 ఏప్రిల్‌లో మన జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) మేయర్ విషయంలో అదే చూశాం.

నిరసన, ఖండన: రోడ్డు మీది మాటలు

పాత నిఘంటువుల్లో నిరసన అంటే తిరస్కారం, తీసిపారేయడం. "నిరసనగా చూశాడు" అంటే చులకనగా చూశాడని. ఇప్పుడు ఎవరూ ఆ అర్థంలో వాడరు. నిరసన అంటే నలుగురూ కలిసి, బయటికొచ్చి, కనబడేలా కాదనడం. ఒక్కడే గదిలో కూర్చుని చేసేది అసంతృప్తి.

విశాఖవాసులకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక, కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలయ్యాయి. ఆ నిర్ణయం తెలిసిన పూట నాయకులు ఇచ్చిన ప్రకటనలు ఖండన. మాట అనేసి ఊరుకుంటే ఖండన అక్కడితో అయిపోతుంది. టెంటు కింద రోజూ మనుషులు మారుతూ కూర్చోవడం నిరసన. ఏళ్ల తరబడి సాగితే దాన్ని ఉద్యమం అంటారు.

1966లో టి. అమృతరావు ఈ ఊళ్లో ఉక్కు కర్మాగారం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నప్పటి నినాదం ఒకసారి గుర్తుచేసుకోండి: విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు. అందులో ఖండన లేదు, నింద లేదు, కాదన్న మాటే లేదు. ఏం కావాలో ఉంది. ఇన్నేళ్లుగా నిలిచింది దానివల్లేనేమో అని నా అనుమానం.

ఖండనకు జనం కావాలి, ఎదుటివాడు దూరంగా ఉండాలి, చేసిన పని నలుగురికీ హాని చేసేదై ఉండాలి. ఈ మూడూ లేనిచోట ఆ మాట వాడితే మా పెద్దాయన అడిగిన ప్రశ్నే ఎదురవుతుంది.

పేపర్లో కనిపించేవి

కోర్టు వార్తల శీర్షికలు చదివేటప్పుడు ఒకటి గమనించండి. అసంతృప్తి, అసహనం, ఆగ్రహం, అక్షింతలు, మొట్టికాయలు ఇవన్నీ విచారణ సమయంలో న్యాయమూర్తి నోటితో అన్న వ్యాఖ్యల గురించి డెస్కులో మేం పెట్టే మాటలు. తీర్పు అందులో ఉండదు. తీర్పు కావాలంటే 'కొట్టివేసింది', 'తోసిపుచ్చింది', 'ఆదేశించింది' ఎక్కడుందో వెతకండి. మొట్టికాయలు వేసిన కోర్టే సాయంత్రానికి వాయిదా వేసి ఊరుకోవడం నేను చాలాసార్లు చూశాను, శీర్షిక మాత్రం మొట్టికాయలతోనే వెళ్లిపోయేది. పెళ్లిలో దంపతుల మీద చల్లే అక్షింతలకు ఈ గతి పట్టించింది మేమే, ఒప్పుకుంటాను.

మాట లేకుండా, మాట తిరగేసి

పెదవి విరవొచ్చు. 'ప్చ్' అనొచ్చు. ఉత్తరాంధ్ర వాళ్లకైతే "బావుందేటి?" అన్న ఒక్క ప్రశ్న ఉంది. వాకిట్లో చెప్పులు చిందరవందరగా వదిలిన మనవణ్ణి చూసి మా అమ్మ అదే అనేది. జవాబు చెప్పక్కర్లేదు, వాడే వంగి సర్దేవాడు. అందులో తప్పు చేశావన్న మాట ఎక్కడా లేదు, చూసుకోమని మాత్రమే ఉంది. కొత్త కోడళ్ల దగ్గర, పై అధికారుల దగ్గర, పెళ్లివారి దగ్గర ఇంతకన్నా క్షేమమైన మాట నాకు దొరకలేదు.

తిరగేసి అనడానికైతే మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి అప్పన్న మీద శతకం చెప్పాడు. సేనలు దండెత్తి వస్తుంటే కదలకుండా కూర్చున్నావేమయ్యా అని దేవుణ్ణే నిలదీశాడు. దాన్ని నిందాస్తుతి అంటారు. పేరుకు నింద, లోపలంతా నువ్వు తప్ప దిక్కులేదన్న మాట. చివరికి కొండ మీంచి తుమ్మెదలు రేగి సేనల్ని తరిమాయని కథ. మనుషుల మీద ఇది ప్రయోగించాలంటే మాత్రం అవతలివాడికి అప్పన్నంత ఓర్పు ఉండాలి.

గ్రూపులో చివరికి ఏం రాశామంటే

ఆ ఖండన సందేశాన్ని తీయించేశాను. కుర్రాణ్ణి పక్కకు పిలిచి చెప్పాను, గ్రూపులో ఏమీ అనలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు కదా. ఇరవై ఫ్లాట్ల ముందు అతన్ని దిద్దితే పెద్దాయనకు జరిగిందే ఇతనికీ జరిగేది. కొత్త సందేశం ఇలా పెట్టాం: "నిన్న ట్యాంకు నిండి నీళ్లు పోయాయి. మోటారు వేసినవాళ్లు పావుగంటకు ఫోన్లో అలారం పెట్టుకోవాలని మనవి." పేరు లేదు, విశేషణం లేదు. 'బాధ్యతారహిత' అన్న మాటను కుర్రాడు చివరిదాకా వదలనన్నాడు, ఒప్పించేసరికి టీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రమే పెద్దాయన టిఫిన్ డబ్బాలో పనస పొట్టు కూర పంపారు. తర్వాతి మీటింగులో ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోయే స్విచ్ పెట్టిద్దామని తీర్మానం చేశాం. మర్నాడు పొద్దున్న నా తలుపు సందులోంచి ఒక కాగితం వచ్చిపడింది, చక్కటి గుండ్రటి అక్షరాలతో. మూడు కొటేషన్లు తీసుకోకుండా స్విచ్ కొనడంపై తనకు అభ్యంతరం ఉందని, దాన్ని మినిట్స్‌లో నమోదు చేయాలని. కింద ఆయన సంతకం, ఫ్లాటు నంబరు, తేదీ.